ఇరవై ఆరో పాఠం

2006 సెప్టెంబరు 14, గురువారం. ఉదయం తొమ్మిదీ నలభైకి చెంచయ్య అనే పత్తి రైతును పొదిలిలోని ఒక ప్రైవేటు ఆస్పత్రికి ఆటోలో తెచ్చారు. పొలంలో పడిపోయాడు. తొమ్మిదీ యాభైకి క్యాజువాలిటీ డాక్టరు సంజీవరావు కేసు షీటులో ‘ఎండదెబ్బ’ అని రాశారు. పదీ నలభైకి ఆయన బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటరుకి వచ్చారు. సెంటరు నడిపేది షహనాజ్.

“కదలకండి సార్. కెమెరాలో మీ మొహం సగమే పడుతోంది.”

“సగం చాలదా?”

“చాలదంట సార్. చివరి పరీక్షకి డాక్టరు గారే కూర్చోవాలంట. రెండు కళ్లూ కనపడాలంట.”

“ఇరవై తొమ్మిది పాఠాలకి లేని రూలు ముప్పయ్యోదానికి ఎందుకొచ్చిందమ్మా?”

“ఇరవై తొమ్మిదీ నేను రాశాను కదా సార్. అందుకే వచ్చుంటుంది.”

“మెల్లగా అను. ఎవరన్నా వింటారు.”

“ఎవరున్నారు సార్ వినడానికి? ఇంటర్ రిజల్ట్సు అయిపోయాక ఈ మెట్లెక్కేది మీరొక్కరే.”

“సరే, ఎంతసేపు పడుద్ది? పన్నెండింటికి ఇన్సూరెన్సు కంపెనీ వాళ్లు గుంటూరు నుంచి ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారు. అత్యవసర వైద్యంలో ఆన్‌లైన్ కోర్సు చేసిన డాక్టరుంటేనే మా ఆస్పత్రిని లిస్టులో రాస్తారంట. సర్టిఫికెట్ లేకపోతే నన్ను తీసేసి కుర్రాణ్ణెవర్నో పెట్టుకుంటామని యజమాని మొహం మీదే చెప్పాడు. ఫ్రేము కూడా తెప్పించాను.”

“ఫ్రేము రెడీగా ఉందా సార్?”

“ఇవ్వాళ పొద్దున్నే మేకు కొట్టించి గోడకి తగిలించాను.”

“ఖాళీదా?”

“కొన్నప్పుడు అందులో ఉన్న బొమ్మే ఉంది. స్విట్జర్లాండో ఏదో. మంచు కొండలు.”

“అదే ఉంచండి సార్. చూసినవాళ్లకి మీరు అక్కడ చదివొచ్చారనిపిస్తది.”

“నీకు నోరెక్కువైంది. ముందు కనెక్షను సంగతి చూడు.”

“చూస్తున్నా సార్. ఫోన్ లైను మీద వచ్చే నెట్టు. ఎవరన్నా ఫోన్ చేస్తే పోద్ది. పొద్దున్నుంచీ ఫోన్లే.”

“ఎవరు?”

“ఎవరో సార్. ఈ లోపల ఒక మాటడుగుతా. పాఠాలన్నీ ప్రింటు తీసిచ్చాను కదా, చదివారా?”

“ఉన్నాయిలే. ఆస్పత్రిలోనే ఉన్నాయి.”

“ఆస్పత్రిలో ఎక్కడ?”

“మందుల కౌంటర్లో.”

“మాత్రలు పొట్లం కట్టడానికా?”

“మంచి కాగితమమ్మా. దళసరిగా ఉంటుంది. చినగదు.”

“గుండెపోటు పాఠం ఇరవై రెండు పేజీలు సార్. రెండు రోజులు కూర్చుని చదివాను. పేజీ చివరిదాకా చదివితే గాని తరవాతి పేజీ తెరుచుకోదు. మధ్యలో టక్కున ఒక ప్రశ్న అడుగుద్ది, మెలకువగా ఉన్నామో లేదో చూడ్డానికి.”

“చూడు మరి, నీకెంత జ్ఞానం వచ్చిందో. నా దయే.”

“మీ దయే సార్. బీఎస్సీ జువాలజీలో కప్ప గుండె కోశాను. మీ దయ వల్ల మనిషి గుండె దాకా వచ్చాను.”

“లైను కలిసిందా?”

“కలుస్తోంది. తిన్నగా కూర్చోండి. గడ్డం పైకి.”

“ఫోటో స్టూడియోనా ఇది? నువ్వో పని చెయ్యి. నువ్వే రాసేసి, ప్రింటు తీసి పంపించు. నేను ఆస్పత్రికెళ్తా. పేషెంటున్నాడు.”

“వెళ్లిపోతే పరీక్ష ఆగిపోద్ది సార్. మళ్లీ వారం దాకా రానివ్వరంట.”

“వారమా?”

“అంట.”

“సరే, సరే. కూర్చుంటా.”

“పేషెంటంటే, పెద్ద కేసా సార్?”

“పెద్ద కేసేం కాదు. ఎండదెబ్బ. సెలైన్ పెట్టించి, ఐసు పెట్టమన్నాను.”

“సెప్టెంబర్లో ఎండదెబ్బా?”

“మన ఎండకి నెలలు తెలుసా?”

“నిన్న సాయంత్రం వాన పడింది సార్.”

“పడితే? వాన పడ్డ మర్నాడు ఉక్క ఎక్కువ.”

“ఉక్కదెబ్బన్నమాట.”

“అమ్మాయ్! ఆ మనిషి పెళ్లామే చెప్పింది, ఎండదెబ్బ తగిలిందయ్యా అని. ఆ నర్సు జైతున్‌బీ కూడా నీలాగే సెప్టెంబరు, సెప్టెంబరు అంది. నువ్వు డాక్టరువా అన్నాను. నోరు మూసుకుంది.”

“జైతున్‌బీ అక్క నోరు మూసుకుందా?”

“మూసుకుంది.”

“మా వీధే సార్ ఆవిడ. ఎప్పుడూ వినలేదు ఆ మాట. ఇదిగో, తెరుచుకుంది. మొదటి ప్రశ్న.”

“ఎన్నుంటాయి?”

“చూద్దాం సార్. నేను చదువుతా, మీరు చెప్పండి, నేను నొక్కుతా. ‘క్యాజువాలిటీలోకి పేషెంటు రాగానే డాక్టరు మొదట చెయ్యవలసిన పని ఏది?’ ఏ, పేషెంటు శ్వాస చూడటం. బి, పాత రిపోర్టులు అడగటం. సి, ఎక్స్‌రేకి పంపటం. డి, బంధువులతో ఫారం మీద సంతకం పెట్టించుకోవటం.”

“డి.”

“సార్?”

“సంతకం లేకపోతే రేపు గొడవైతే ఎవడు పడతాడు?”

“పరీక్షలో అడుగుతోంది సార్. మన ఆస్పత్రిలో కాదు.”

“అయితే ఏ.”

“రైట్. చూశారా, తెలుసు మీకు.”

“తెలియక కాదమ్మా. నేను చదివింది ఇరవై రెండేళ్ల కిందట. అప్పుడు ప్రొఫెసరు పక్కన నిలబడి చూపించేవాడు. ఇప్పుడు ఈ పెట్టె అడుగుద్ది. ఫెయిలైతే కోర్సు లిస్టులో పేరు పక్కన ఎర్రగా కనపడుద్దంట, అందరికీ. నా దగ్గర కాంపౌండర్‌గా చేసినవాడి కొడుకు ఎంబీబీఎస్ చేసి ఇదే కోర్సులో ఉన్నాడు. అందుకని నీకిచ్చాను. పోనీలే, తరవాతది చదువు.”

“చదువుతా సార్. ఇది పెద్దది. ఇరవై ఆరో పాఠంలోది. నిదానంగా వినండి.”

“గంటెంత?”

“పదకొండూ ఐదు. ‘నలభై అయిదేళ్ల రైతు. పత్తి చేలో పడిపోయాడు. ఒళ్లంతా చెమట, ఒళ్లు చల్లగా ఉంది. నోటి వెంట చొంగ. రెండుసార్లు వాంతి. కంటిపాప గుండుసూది తలంత. నాడి నిమిషానికి నలభై ఎనిమిది. ఛాతీలో గురగుర. భార్య ఎండదెబ్బ అని చెప్తోంది. ఇదేమిటి?’ ఏ, ఎండదెబ్బ. బి, పాముకాటు. సి, పురుగుమందు విషం. డి, షుగరు పడిపోవటం.”

“ఏ.”

“నొక్కనా?”

“నొక్కు. భార్య చెప్తోంది కదా.”

“భార్యే చెప్తే ఇంక డాక్టరెందుకు సార్ ఈ ప్రశ్నలో?”

“నొక్కమన్నానా!”

“నొక్కాను. తప్పంట.”

“తప్పా?”

“ఎర్రగా పడింది. ఇంకొక్క ఛాన్సుంది. ఇదీ తప్పయితే పాఠం మొదటికొస్తది.”

“ఆగు. మళ్లీ చదువు.”

“మొత్తం చదవనా?”

“ఒళ్లు చల్లగా ఉందా?”

“చల్లగానే ఉంది సార్. ఎండదెబ్బకి ఒళ్లు కాలిపోవాలి కదా. ఇరవై నాలుగో పాఠంలో ఉంది.”

“తెలుసులే. చొంగన్నావు.”

“చొంగ. చెమట. గురగుర. నాడి నలభై ఎనిమిది.”

“ఎండదెబ్బయితే నాడి పరిగెత్తాలి. నలభై ఎనిమిదుండదు.”

“ఉండదు.”

“పాప గుండుసూది తలంతా?”

“తలంతే.”

“సి. సి నొక్కు. పురుగుమందు. మందు కొడుతుంటే గాలి ఎదురు తిరిగి మీద పడుంటది. ఆ చొక్కా తడిసిపోయి కంపు కొడతానే ఉంది. నేను చెమట కంపనుకున్నా. మందు కొట్టాడని ఒక్క ముక్క చెప్పలేదు ఆ బసవమ్మ!”

“సార్.”

“ఏంటి?”

“ప్రశ్నలో బసవమ్మ లేదు సార్. చొక్కా కూడా లేదు. మీ పేషెంటు భార్య పేరా సార్, బసవమ్మ?”

“గంటెంతైంది?”

“పదకొండూ పద్నాలుగు.”

“తొమ్మిదీ నలభైకి తెచ్చారు. గంటన్నర. నేను సెలైన్ పెట్టించాను. ఐసు పెట్టమన్నాను.”

“కళ్లు చూశారా సార్?”

“చూశాను. రెప్ప ఎత్తాను. ఎత్తానా? ఆ ఫ్రేముకి మేకు కొట్టేవాడు ఎక్కడ కొట్టాలి, ఎక్కడ కొట్టాలి అని పిలుస్తూనే ఉన్నాడు. ఫోనివ్వమ్మా. నా సెల్లుకి ఇక్కడ సిగ్నల్ లేదు.”

“ఇదిగో. స్పీకరు నొక్కుతా, ఈ లైన్లో చెవిలో పెట్టుకుంటే వినపడదు. అయితే పరీక్ష డిస్కనెక్టయిపోద్ది సార్. వారం దాకా రానివ్వరు.”

“పోనీ! పరీక్ష పోతే పోనీ! నంబరు కలుపు!”

“ఫ్రేము?”

“మంచుకొండలే ఉండనీ! కలుపు తల్లీ!”

“మోగుతోంది సార్.”

“హలో. హలో, జైతున్‌బీ?”

“చెప్పండి సార్.”

“చెంచయ్య ఉన్నాడా?”

“ఎక్కడికెళ్తాడు సార్, చేతికి సూది పెట్టి ఉంది.”

“అది కాదు. ఉన్నాడా?”

“ఉన్నాడు సార్.”

“విను. కళ్లు చూడు. పాపలు ఎంతున్నాయో చూసి చెప్పు.”

“ఇప్పుడెంతున్నాయో చెప్పనా సార్, పదింటికెంతున్నాయో చెప్పనా?”

“ఇప్పుడు!”

“ఇప్పుడు పెద్దవయ్యాయి. పదింటికి గుండుసూది తలంత ఉన్నాయి.”

“పెద్దవయ్యాయా? ఎట్లా? నేను విరుగుడు ఆట్రోపిన్ చెప్పలేదే.”

“మీరు చెప్పలేదు సార్.”

“మరి?”

“మొదట మూడు ఆంపూల్స్ ఇంజెక్షన్ చేశాం. ఐదు నిమిషాలు చూసి ఆరు. మళ్లీ ఐదు నిమిషాలు చూసి పన్నెండు. ఛాతీలో గురగుర తగ్గింది. ఇప్పుడు సెలైన్లో కలిపి సన్నగా ఎక్కిస్తున్నాం. చొక్కా, లుంగీ తీసేసి సబ్బుతో కడిగాం. ఐసు తీసేశాం. ఆ ఐసు ఇన్‌స్పెక్షన్ వాళ్ల కూల్‌డ్రింకులకి పనికొస్తదని యజమాని గారు పట్టుకెళ్లారు.”

“ఎవరు చెప్పారు నీకు? డాక్టరు లేకుండా ఎవరి మాట మీద చేశావు?”

“డాక్టరు చెప్తేనే చేశాను సార్. అఖిల మేడం. మీ ఆన్‌లైన్ కోర్సులో పాఠం చెప్పే డాక్టరమ్మ. ప్రతి పాఠం కింద నంబరుంటది కదా, ‘సందేహాలుంటే ఏ సమయంలోనైనా ఫోన్ చేయండి’ అని. ఇరవై ఆరో పాఠం మన సుద్ద మాత్రల పొట్లాల్లో పోకుండా తీసి అల్మరాలో పెట్టుకున్నా. పదింటికి చేశాను. మేడం నాలుగు ప్రశ్నలడిగి, గురగుర ఫోన్లోనే విని, మొదలుపెట్టమన్నారు. అరగంట లైన్లోనే ఉన్నారు.”

“నాకు చెప్పొద్దా?”

“చెప్పాను సార్, తొమ్మిదీ యాభైకి. నువ్వు డాక్టరువా అన్నారు. కాదు కదా అని డాక్టరుకి ఫోన్ చేశాను.”

“ఆ బసవమ్మ ఎందుకు చెప్పలేదు?”

“నేనడిగితే నాకు చెప్పింది సార్. పోయినేడు వాళ్ల మరిది ఇట్లాగే మందు కొడతా పడిపోతే, వేరే ఎక్కడికో తీసుకెళ్లారంట. రాసేవాడు ‘పురుగుమందు తాగాడు’ అని రాశాడంట. పోలీసులొచ్చారు. ఎందుకు తాగాడు, పెళ్లాం ఏమంది అని నెల రోజులు ఊరంతా అడిగారు. అప్పట్నుంచి వాళ్ల ఊళ్లో ఎవరు పడిపోయినా ఎండదెబ్బే. వానాకాలమైనా ఎండదెబ్బే. పని చేస్తుండగా సోకింది అనే రాయిస్తానని ఆమెకి మాటిచ్చాను. మీరు అట్లాగే రాయాలి.”

“రాస్తా. ఇప్పుడే వస్తున్నా.”

“రండి సార్. గుంటూరు పంపమన్నారు మేడం, రెండు రోజులు ఊపిరి మీద కన్నేసి ఉంచాలంట. వ్యానుకి డీజిలు పోస్తున్నారు. రెఫరల్ కాగితం మీద మీ సంతకం కావాలి. ఇంకోటి, మేడం రోల్ నంబరడిగారు. కాగితం మీద మీదే ఉంది, అదే చెప్పాను. ఈ కోర్సు మొదలై ఆరు నెలలంట, ఆ నంబరుకి వచ్చిన మొదటి ఫోను ఇదేనంట. శ్రద్ధగల డాక్టరని మీకు రెండు మార్కులు కలుపుతామన్నారు.”

“నాకా?”

“మీకే సార్.”

“ఇన్‌స్పెక్షన్ వాళ్లు రాకముందే నేనక్కడుండాలి.”

“పదకొండింటికే వచ్చేశారు సార్. మంచం పక్కనే నిలబడి అంతా చూశారు. రాసుకున్నారు.”

“డాక్టరేడీ అని అడగలేదా?”

“అడిగారు. ఎమర్జెన్సీ ట్రైనింగులో ఉన్నారని చెప్పాను. అబద్ధం కాదు కదా సార్? ఉంటా మరి.”

పదకొండూ ఇరవై రెండు.

“సార్, నీళ్లు తాగండి.”

“వద్దు. పరీక్ష పోయింది కదూ?”

“ఏ పరీక్ష సార్?”

“ఇదే. డిస్కనెక్టయింది కదా.”

“ఇది ప్రాక్టీసు పరీక్ష సార్. ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు.”

“అసలుది?”

“అసలుది నిన్ననే రాసేశాను. ఇదిగో, సొరుగులో ఉంది. నిన్న సాయంత్రం ఆరింటికే ప్రింటు తీశాను. నూటికి తొంభై ఆరు. జాగ్రత్త సార్, చెమట చేతికి ఇంకు అంటుద్ది.”

“నిన్ననే వచ్చిందా?”

“నిన్ననే.”

“మరి ఆ కెమెరా?”

“పోయిన నెలే పాడైంది. వైరు కింద పడుంది చూడండి.”

“మరి నన్ను ఈ నలభై నిమిషాలూ కుర్చీలో, గడ్డం పైకి, గడ్డం కిందికి...”

“పదిన్నరకి జైతున్‌బీ అక్క ఫోన్ చేసింది సార్. ఇందాకట్నుంచి ఫ్రేము తగిలించే గదిలోనే ఉన్నాడు, ఇంక నువ్విచ్చే సర్టిఫికెట్ కోసం బయల్దేరతాడు, వస్తే కూర్చోబెట్టు అంది. చెంచయ్య లక్షణాలూ చెప్పింది, అవే ప్రశ్నలో కలిపి చదివాను. తిరిగొచ్చి చూశారంటే నా షీటులో లేని ఇంజెక్షన్ ఎవరు పెట్టారని సెలైన్ పైపు పీకేస్తారని భయపడింది.”

“పన్నెండు దాకా కూర్చోబెట్టమందా?”

“టైము చెప్పలేదు సార్. రోగం పేరు ఆయన నోటితో ఆయన చెప్పేదాకా బయటికి వదలొద్దంది.”

మధ్యాహ్నం పన్నెండూ పదికి చెంచయ్యను వ్యానులో గుంటూరు పంపారు. ఇరవై మూడో తేదీన ఇంటికి చేరాడు. కేసు షీటులో ‘ఎండదెబ్బ’ అన్న మాట కొట్టేసి ఉంది. పక్కన ‘చేలో మందు కొడుతుండగా సోకిన పురుగుమందు విషం’ అని రాసి ఉంది. చేతిరాత జైతున్‌బీది. సంతకం డాక్టరుది.